పడతానన్న భయాన్ని కొలవడం: ఒక్క ప్రశ్నతో తేలని సంగతి

బెంగళూరులో మారతహళ్లి, కె.ఆర్.పురం, వైట్‌ఫీల్డ్ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో కొడుకు దగ్గరో కూతురు దగ్గరో ఉండటానికి కడప, అనంతపురం, నెల్లూరు, గుంటూరు వైపు నుంచి వచ్చిన తల్లిదండ్రులు చాలామంది కనిపిస్తారు. వాళ్లలో ఎవరినైనా పిల్లలు ఆసుపత్రికి తీసుకువెళ్లి, "అమ్మకు పడిపోతానని భయమండీ, ఈ మధ్య గడప దాటడం లేదు" అని చెప్పినప్పుడు, ఆ ఒక్క మాటలో నాలుగు వేర్వేరు సంగతులు ముడిపడి ఉంటాయి. ఒకటి, మనసులో ఉన్న భయం. రెండోది, ఫలానా పనిని పడకుండా చేయగలనన్న ధీమా తగ్గిపోవడం. మూడోది, ఆ కారణంగా మానేసిన పనులు. నాలుగోది, భయంతో నిమిత్తం లేకుండా ఆ శరీరానికి నిజంగా ఉన్న పడే ముప్పు.

ఈ నాలుగూ తరచుగా కలిసే ఉంటాయి గానీ, ఒకదాన్ని కొలిచి మిగతా మూడింటినీ ఊహించడం కుదరదు. ఒంట్లో సత్తువ ఉన్నా భయంతో ముడుచుకుపోయినవాళ్లు, కాళ్లలో పట్టు తప్పినా జంకు లేకుండా తిరిగేవాళ్లు, "నాకేం భయం" అంటూనే నెలల తరబడి మెట్లు దిగనివాళ్లు ఒకే ఓపీ వరండాలో పక్కపక్కన కూర్చుని ఉంటారు. వీళ్లు ముగ్గురికీ కావలసిన సహాయం మూడు రకాలుగా ఉంటుంది. భయానికి వచ్చిన స్కోరును కేస్ షీట్‌లో రాసి వదిలేస్తే ఈ తేడా బయటపడదు. ఆ స్కోరును శరీర పరీక్షల ఫలితాల పక్కన, మానేసిన పనుల పక్కన పెట్టి చదివితేనే దానికి అర్థం వస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పడిపోవడం వల్ల ఏటా సుమారు 6,84,000 మంది చనిపోతున్నారు, వాళ్లలో 80 శాతానికి పైగా తక్కువ, మధ్యస్థ ఆదాయ దేశాల వారే. వైద్యం అవసరమయ్యేంత తీవ్రంగా పడిన ఘటనలు ఏటా 3.73 కోట్లు. అయితే పడకుండానే, పడతానన్న భయంతోనే బతుకును రెండు గదులకు కుదించుకున్నవాళ్లు ఈ అంకెల్లో కనిపించరు. వైద్య రంగం ఈ భయాన్ని విడిగా గుర్తించి కూడా మరీ ఎక్కువ కాలం కాలేదు. 1982లో మర్ఫీ, ఐజాక్స్ అనే ఇద్దరు వైద్యులు, పడిన తర్వాత ఆసుపత్రిలో చేరిన 36 మంది వృద్ధులను పరిశీలించి, వాళ్లలో కొందరు నిలబడగానే భయపడి దగ్గరున్న మనిషినో వస్తువునో గట్టిగా పట్టుకుంటున్నారనీ, ఆధారం లేకుండా అడుగు వేయలేకపోతున్నారనీ గమనించారు. దానికి వాళ్లు 'పోస్ట్ ఫాల్ సిండ్రోమ్' అని పేరు పెట్టారు. ఆ పేరును బట్టి ఈ భయం పడిన తర్వాతే పుడుతుందని చాలామంది అనుకున్నారు. కానీ జీవితంలో ఒక్కసారీ పడనివాళ్లలోనూ ఈ భయం ఉంటుందని తర్వాతి అధ్యయనాల్లో తేలింది. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రంలోని సాలిస్‌బరీ పట్టణంలో 2,200 మందికి పైగా వృద్ధులను 20 నెలల ఎడంతో రెండుసార్లు పరిశీలించి 2002లో ప్రచురించిన అధ్యయనం రెండు వైపుల సంబంధాన్నీ చూపించింది. మొదటిసారి చూసేనాటికే పడినవాళ్లలో తర్వాత భయం పుట్టే అవకాశం ఎక్కువగా ఉంది. మొదట్లో భయం మాత్రమే ఉన్నవాళ్లు తర్వాత పడే అవకాశమూ ఎక్కువగానే ఉంది.

భయం మనిషిని ఎలా పడేస్తుందన్న ప్రశ్నకు రెండు జవాబులున్నాయి. మొదటిది నెమ్మదిగా జరిగే పని: బయటికి వెళ్లడం మానేస్తే తొడ కండరాలు సన్నబడతాయి, ఎత్తుపల్లాలకు తగ్గట్టు సర్దుకునే అలవాటు పాదాలకు తప్పుతుంది, కొన్నాళ్లకు భయం నిజమయ్యేంత బలహీనత వస్తుంది. రెండోది ఆ క్షణంలోనే జరిగేది, దీన్ని చాలామంది పట్టించుకోరు. మనుషులను ఎత్తైన వేదిక అంచున నిలబెట్టి చేసిన ప్రయోగాల్లో, భయం కలగగానే చీలమండల దగ్గర కండరాలు బిగుసుకుని ఒళ్లు కర్రలా అవుతుందని, శరీరం ఊగే దూరం తగ్గి ఊగే వేగం పెరుగుతుందని తేలింది. నిశ్చలంగా నిలబడినంతసేపు ఈ బిగింపు వల్ల నష్టం కనిపించదు. కానీ ఎవరైనా పక్క నుంచి తగిలినప్పుడు, కాలి కింద పలక కదిలినప్పుడు వెంటనే అడుగు మార్చి నిలదొక్కుకోవడానికి అదే అడ్డమవుతుంది. భయపడేవాళ్లు అడుగులు చిన్నవి చేస్తారు, రెండు పాదాలూ నేల మీద ఉండే సమయాన్ని పెంచుతారు, వేస్తున్న అడుగు సరిగా ఆనకముందే చూపును తర్వాతి అడ్డంకి మీదికి మళ్లిస్తారు. నడకకే ధ్యాసంతా పెట్టడం వల్ల వెనక నుంచి వచ్చే స్కూటరు హారన్ ఆలస్యంగా వినపడుతుంది.

భయమా, ధీమా తగ్గడమా

అన్నిటికన్నా తేలికైన కొలత ఒక ప్రశ్న: "పడిపోతానని మీకు భయంగా ఉంటుందా?" దీనికి అర నిమిషం పట్టదు, చదువు అవసరం లేదు, ఎవరైనా అడగవచ్చు. కానీ 2008లో వచ్చిన ఒక సమీక్ష అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నిటినీ కూర్చి చూస్తే, వృద్ధుల్లో ఈ భయం ఉన్నవారి శాతం 3 నుంచి 85 దాకా తేలింది. ఇంత తేడాకు మనుషుల మధ్య ఉన్న భేదం కొంతవరకే కారణం, ఎక్కువ భాగం ఎలా అడిగారన్న దాని మీద ఆధారపడింది. అవునా కాదా అని అడిగితే, భయం అనే మాటను ఒప్పుకోవడానికి ఇష్టపడనివారు, ముఖ్యంగా మగవారు, కాదనేస్తారు. జీవితమంతా పొలం పనులు చేసి, ఎద్దులను అదిలించిన ఒక రైతు, కోడలి ఎదుట కూర్చుని బాత్‌రూమ్‌కు వెళ్లడానికి భయపడుతున్నానని చెప్పడు. అవునన్నవాళ్లలోనూ, ఆ అవునన్న మాట వెనక మామూలు జాగ్రత్త ఉందో ఇంట్లోంచి కదలనివ్వని వణుకు ఉందో తెలియదు.

ఈ ఇబ్బందిని దాటడానికి యేల్ విశ్వవిద్యాలయంలో వృద్ధాప్య వైద్యురాలు మేరీ టినెటి, ఆమె సహచరులు 1990లో వేరే దారి పట్టారు. ఆల్బర్ట్ బందూరా 1977లో ప్రతిపాదించిన మనస్తత్వ సిద్ధాంతం ప్రకారం, మనిషి ఒక పనికి పూనుకోవాలా వద్దా అన్నది ఆ పని తన వల్ల అవుతుందన్న నమ్మకం మీద ఆధారపడుతుంది. ఆ నమ్మకం మనిషికంతటికీ కలిపి ఒకటే ఉండదు, ఒక్కో పనికి ఒక్కోలా ఉంటుంది. టినెటి బృందం భయం సంగతి అడగడం మానేసి, స్నానం చేయడం, బట్టలు వేసుకోవడం, కుర్చీలోంచి లేవడం లాంటి పది పనులు చెప్పి, ఒక్కొక్క దాన్ని పడకుండా చేయగలనన్న ధీమా ఎంత ఉందో చెప్పమంది. ఫాల్స్ ఎఫికసీ స్కేల్ అలా పుట్టింది. అయితే అందులోని పనులు ఎక్కువగా ఇంటి నాలుగు గోడల మధ్యవి కావడంతో, కాస్త చురుగ్గా తిరిగే వృద్ధులందరికీ దాదాపు ఒకే రకమైన మంచి స్కోరు వచ్చి, వాళ్ల మధ్య తేడా తెలియకుండా పోయింది.

1995లో కెనడాకు చెందిన పవెల్, మైయర్స్ రూపొందించిన ఏబీసీ (యాక్టివిటీస్-స్పెసిఫిక్ బ్యాలన్స్ కాన్ఫిడెన్స్) స్కేల్ ఆ లోటును సరిచేయబోయింది. అందులోని 16 పనులు ఇంటి లోపలి నడక నుంచి రద్దీలో మనుషులు తగులుతుండగా నడవడం దాకా వెళ్తాయి. ప్రతి పనికీ సున్నా నుంచి నూరు శాతం దాకా ధీమాను అంకెలో చెప్పాలి. బయట తిరిగేవాళ్లను వేరుచేసి చూపడంలో అది మంచి సాధనమే, పరిశోధకులు ఇప్పటికీ వాడుతున్నారు. మన వృద్ధుల విషయంలో మాత్రం నాకు దాని మీద అంత మక్కువ లేదు. "మెట్లెక్కడంలో మీ ధీమా ఎంత శాతం?" అన్న ప్రశ్న లెక్కల పరీక్షలా వినిపిస్తుంది, బడి మొహం చూడని పెద్దావిడ దానికి జవాబుగా పక్కనున్న కూతురి వంక చూస్తుంది. పైగా ఆఖరి ప్రశ్న మంచు పేరుకున్న దారి మీద నడవడం గురించి.

2005లో యూరప్‌లోని ప్రొఫేన్ అనే పరిశోధక బృందం తరఫున యార్డ్లీ, తోటి పరిశోధకులు టినెటి బృందపు పాత స్కేల్‌ను తిరగరాసి ఎఫ్‌ఈఎస్-ఐ (ఫాల్స్ ఎఫికసీ స్కేల్-ఇంటర్నేషనల్) అనే ప్రశ్నావళిని ప్రచురించారు. ఇప్పుడు అన్నిచోట్లా ఎక్కువగా వాడుకలో ఉన్నది ఇదే. ధీమా స్థానంలో వీళ్లు ఆందోళనను అడిగారు: ఫలానా పని చేసేటప్పుడు పడిపోతానేమోనని మీకు ఎంత ఆందోళనగా ఉంటుంది? ఏమాత్రం లేదంటే 1, కొంచెం ఉందంటే 2, బాగానే ఉందంటే 3, చాలా ఉందంటే 4. మొత్తం 16 పనులు కాబట్టి స్కోరు 16 నుంచి 64 మధ్య వస్తుంది. ఇంటి పనులతోపాటు వాలుగా ఉన్న దారి, ఎగుడుదిగుడు నేల, జారే నేల, జనసమ్మర్దం, బంధువుల ఇళ్లకు వెళ్లడం, శుభకార్యాలకు హాజరు కావడం కూడా అందులో ఉన్నాయి. భయం అనే మాటకు మొహం చాటేసేవాళ్లు ఆందోళన అంటే కాస్త తేలికగా ఒప్పుకుంటారన్నది దీని వెనకున్న ఆలోచన. 2008లో దీన్నుంచి ఏడు పనులను మాత్రం ఏరి చిన్న ప్రశ్నావళి చేశారు: బట్టలు వేసుకోవడం, స్నానం, కుర్చీలో కూర్చోవడం లేవడం, మెట్లు, తలకన్నా ఎత్తులోనో నేల మీదో ఉన్న వస్తువును అందుకోవడం, వాలు దారి, వేడుకలకు వెళ్లడం. దీని స్కోరు 7 నుంచి 28. సిడ్నీలో డెల్‌బేర్ బృందం 2010లో తేల్చిన హద్దుల ప్రకారం పెద్ద ప్రశ్నావళిలో 28 ఆపైన, చిన్నదానిలో 14 ఆపైన వస్తే ఆందోళన ఎక్కువగా ఉన్నట్టు. వృద్ధులు పడిపోవడాన్ని నివారించడంపై 2022లో వెలువడిన ప్రపంచ మార్గదర్శకాలు కూడా ఈ రెండింటిలో ఒకటి వాడమనే సూచించాయి.

ఒకే స్కోరు, ఇద్దరు మనుషులు

చిన్న ప్రశ్నావళిలో 14 అంటే ఏమిటో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. ఒక పెద్దావిడ స్నానానికి 4, మెట్లకు 4, వాలు దారికి 2, మిగిలిన నాలుగు పనులకు ఒక్కొక్కటి చెప్పింది. మొత్తం 14. ఇంకొకావిడ ఏడు పనులకూ వరుసగా రెండేసి చెప్పింది. ఆమెదీ 14. కేస్ షీట్‌లో ఇద్దరూ ఒకే వర్గంలో చేరతారు. కానీ మొదటావిడ ఆందోళనకు చిరునామా ఉంది: తడి నేల, కాలు ఎత్తి వేయవలసిన చోటు. బాత్‌రూమ్‌లో పట్టుకోవడానికి గోడకు కమ్మీ, జారని చాప, స్నానానికి స్టూలు, మోకాళ్లకూ తొడలకూ వ్యాయామం, కళ్లద్దాల పరీక్ష అనే దారిలో ఆమె సమస్య చాలావరకు తీరవచ్చు. రెండోవిడ ఆందోళన అన్నిటి మీదా సమంగా పరుచుకుని ఉంది. కుర్చీలోంచి లేవడానికీ వాలు ఎక్కడానికీ ఒకే జవాబు వచ్చిందంటే, ఆమె ప్రశ్నలను విడివిడిగా ఆలోచించకుండా మధ్యస్థంగా చెప్పేసి ఉండవచ్చు, లేదా అది పడటానికి సంబంధించిన భయం కన్నా విస్తృతమైన దిగులు కావచ్చు. ఆమెకు వృద్ధుల కుంగుబాటును పరీక్షించే 15 ప్రశ్నల జీడీఎస్ లాంటిది కూడా వేసి చూడాలి. స్కోరును కూడి రాసుకోవడానికి ముందు ఒక్కో జవాబునూ చదవడం ఎందుకు అవసరమో చెప్పడానికి ఇంతకన్నా వేరే వాదన అక్కర్లేదు.

రెండో చిక్కు, చేయని పనుల గురించినది. ప్రస్తుతం చేయని పని అయితే, చేయవలసి వస్తే ఎంత ఆందోళనగా ఉంటుందో ఊహించి చెప్పమని ఎఫ్‌ఈఎస్-ఐ నిబంధన. బెంగళూరులో తొమ్మిదో అంతస్తులో ఉంటూ, కూరగాయలు ఫోన్‌లో తెప్పించే ఇంట్లో, వంటమనిషి, పనిమనిషి వచ్చిపోతుండగా రోజంతా సోఫా మీద గడిపే పెద్దమనిషికి ఊహించవలసిన పనులే ఎక్కువ. ఆయన "నాకేం బెంగ లేదు" అనడంలో అబద్ధం లేదు, ముప్పు ఎదురయ్యే చోటికి ఆయన వెళ్లడం లేదంతే. తక్కువ స్కోరును ధైర్యంగా పొరబడటానికి ఇదే పెద్ద కారణం. అందుకే లాచ్‌మన్ బృందం 1998లో సేఫ్ అనే మరో సాధనాన్ని తయారుచేసింది. అది 11 పనుల విషయంలో ఇప్పుడు చేస్తున్నారా, చేయకపోతే పడతానన్న భయంతోనా వేరే కారణంతోనా, అయిదేళ్ల కిందటితో పోలిస్తే ఎక్కువ చేస్తున్నారా తక్కువా అని విడివిడిగా అడుగుతుంది. ఆ ప్రశ్నావళి మొత్తం వేయడానికి తీరిక లేకపోయినా ఆ ఆలోచనను మాత్రం తప్పనిసరిగా తీసుకోవాలి. "నిరుడు ఈ రోజుల్లో చేసి ఇప్పుడు మానేసినవి ఏమిటి, ఎందుకు మానేశారు?" అని అడిగి, జవాబును ఆమె మాటల్లోనే రాసుకుంటే చాలు. మానడానికి కారణం ఎప్పుడూ భయమే కానక్కర్లేదు. ఊళ్లో రోజూ సాయంత్రం గుడికి వెళ్లే మనిషి బెంగళూరులో మానేయడానికి గుడి దూరమో, దారి తెలియకపోవడమో, మాట్లాడటానికి మనిషి దొరకకపోవడమో కారణం కావచ్చు.

ఇక మూడోది, ప్రశ్నల్లోని లోకానికీ మన ఇళ్లకూ ఉన్న ఎడం. ఎఫ్‌ఈఎస్-ఐలో ఫోన్ మోగడం ఆగేలోపు వెళ్లి ఎత్తడం గురించి ఒక ప్రశ్న ఉంది. ఇప్పుడు ఫోన్ జాకెట్టులోనో దిండు పక్కనో ఉంటుంది. ఆ ప్రశ్న అసలు ఉద్దేశం తొందరలో నడవడం, దానికి ఇవాళ సరిసమానమైనది కాలింగ్ బెల్. మరోవైపు కింద పీట మీద కూర్చుని వ్రతం చేసుకుని లేవడం, తడి చీర కుచ్చిళ్లతో గుమ్మం దాటడం, ఇండియన్ టాయిలెట్‌లో గొంతుక్కూర్చోవడం, బీఎంటీసీ బస్సు మెట్టెక్కడం, కొడుకు బైక్ వెనక కూర్చోవడం, మెజెస్టిక్ మెట్రో స్టేషన్లో ఎస్కలేటర్ మీద మొదటి అడుగు వేయడం, కాలువ మీద పరిచిన రాతిపలకల ఫుట్‌పాత్‌పై నడవడం వంటివి ఆ జాబితాలో లేవు. మా పెద్దవాళ్లలో చాలామందికి అసలైన భయం ఉన్నది సరిగ్గా ఈ చోట్లే. వాలు దారి అంటే ఏమిటని అడిగితే లాల్‌బాగ్ కొండరాయిని ఉదాహరణగా చెప్పవచ్చు. కానీ అచ్చు ప్రశ్నను తీసేసి మనకు నచ్చిన ప్రశ్నను అక్కడ పెట్టకూడదు. హద్దులు 14 అనీ 28 అనీ నిర్ణయించింది ఆ ప్రశ్నలకే కాబట్టి, ఒక్కటి మార్చినా ఆ హద్దులు చెల్లవు. ప్రశ్నావళిని ఉన్నదున్నట్టు పూర్తిచేసి, మన ప్రశ్నలను వేరే కాగితం మీద, స్కోరులో కలపకుండా రాసుకోవడం సరైన పద్ధతి. అనువాదానికీ ఇదే వర్తిస్తుంది. ఎదురుగా కూర్చుని అప్పటికప్పుడు చేసే అనువాదంలో "కొంచెం", "బాగానే" అన్నవి ప్రతిసారీ ఒకేలా పలకవు, అందువల్ల రెండు తేదీల స్కోర్లను పోల్చడానికి వీలుండదు. వృద్ధుల మీద పరీక్షించి సరిచూసిన అనువాదమే వాడాలి.

ప్రశ్నలను వదిలేసినప్పుడు ఏం చేయాలన్న దానికీ నియమం ఉంది. పెద్ద ప్రశ్నావళిలో నాలుగు కన్నా ఎక్కువ, చిన్నదానిలో రెండు కన్నా ఎక్కువ జవాబులు లేకపోతే ఆ స్కోరును వాడకూడదు.

జవాబు ఎవరిది

పరీక్ష గదిలో సాధారణంగా ముగ్గురు ఉంటారు: డాక్టరో ఫిజియోథెరపిస్టో, పెద్దమనిషి, వెంట వచ్చిన కొడుకో కోడలో. ప్రశ్న పెద్దావిడకు వేస్తే జవాబు తరచుగా కోడలి నుంచి వస్తుంది. "అత్తమ్మకు మెట్లంటే చాలా భయమండీ, మేమే దిగనివ్వం" అన్న వాక్యంలో మొదటి సగం ఒకరి భయం, రెండో సగం ఇంకొకరిది. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంట్లో, పగలంతా ఒంటరిగా ఉండే తల్లి పడితే ఏం చేయాలన్న బెంగ పిల్లలకు ఉండటంలో తప్పేమీ లేదు. కానీ ఆ బెంగ ప్రశ్నావళిలో తల్లి ఖాతాలో పడకూడదు. "నువ్వు కదలకు, పడతావు" అన్న హెచ్చరికను రోజూ వింటున్న మనిషి, తన ఒంటి మీద తనకున్న అంచనాను కొన్నాళ్లకు వదులుకుని పిల్లల అంచనాను ఒప్పుకుంటుంది. ముందు పెద్దావిడతో ఒంటరిగా మాట్లాడి, తర్వాత అవే ప్రశ్నలను విడిగా కుటుంబ సభ్యులకు వేసి, రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టడం మంచిది. తేడా ఎక్కడ వచ్చిందో అక్కడ మాట్లాడవలసిన విషయం ఉంటుంది. మతిమరుపు మొదలైనవారికి మాటల కన్నా బొమ్మలు మేలని డెల్‌బేర్ బృందమే 2011లో 30 చిత్రాలతో ఒక సాధనాన్ని రూపొందించింది, దానికీ పది చిత్రాల చిన్న రూపం ఉంది.

ఏ ప్రశ్నావళీ నేరుగా అడగని ప్రశ్న ఇంకొకటి ఉంది: పడితే ఏమవుతుందని మీ భయం? యార్డ్లీ, స్మిత్ 2002లో చేసిన అధ్యయనంలో వృద్ధులు ఎక్కువగా భయపడే పరిణామాలు రెండు రకాలుగా తేలాయి. ఒకటి సొంతంగా పనులు చేసుకునే శక్తి పోవడం, రెండోది నలుగురిలో తమ మర్యాద దెబ్బతినడం. మన ఇళ్లలో ఇదే మాట "మంచాన పడితే ఎవరు చేస్తారు" అన్న రూపంలో వినిపిస్తుంది. నొప్పి కన్నా, తుంటి ఎముక విరగడం కన్నా, కొడుకు ఇంట్లో భారంగా మిగిలిపోతానన్నదే ముందు వస్తుంది. కొందరి భయం ఇంకా సూటిగా ఉంటుంది: పడితే లేవలేను, తలుపు లోపల గడియ ఉంది, పక్క ఫ్లాట్‌లో వాళ్ల భాష రాదు. ఈ భయానికి ఆధారం లేకపోలేదు. టినెటి బృందం 1993లో ప్రచురించిన అధ్యయనంలో, పడినా దెబ్బ తగలని వృద్ధుల్లోనే దాదాపు సగం మంది కనీసం ఒకసారి ఇతరుల సాయం లేకుండా లేవలేకపోయామని చెప్పారు. అందుకే "కింద కూర్చుని మీ అంతట మీరు లేవగలరా, చివరిసారి ఎప్పుడు కూర్చున్నారు?" అన్నది నా ఉద్దేశంలో చాలా విలువైన ప్రశ్న. ఒకప్పుడు రోజుకు పదిసార్లు నేల మీద కూర్చుని లేచిన మనిషి, సోఫాకూ డైనింగ్ టేబుల్‌కూ మారిన కొన్నేళ్లలో ఆ విద్యను మరిచిపోతుంది. నేల మీద నుంచి లేవడాన్ని ఫిజియోథెరపిస్టు దగ్గర మళ్లీ నేర్చుకోవచ్చు, అది వచ్చాక పడటం గురించిన బెంగ కూడా కొంత సడలుతుంది.

శరీర పరీక్షల పక్కన పెట్టి చదవడం

భయం కొలత పక్కన పెట్టవలసిన శరీర పరీక్షలు ఖరీదైనవేమీ కావు. కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు మామూలుగా నడిచి, తిరిగి వచ్చి కూర్చోవడానికి 12 సెకన్లు లేక అంతకన్నా ఎక్కువ పడితే ముప్పు ఉన్నట్టు అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ లెక్కిస్తుంది. చేతులు గుండెల మీద పెట్టుకుని 30 సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలరో చూస్తే తొడల బలం తెలుస్తుంది. అదే సంస్థ లెక్కలో 70 నుంచి 74 ఏళ్ల స్త్రీ పదిసార్ల కన్నా తక్కువ, పురుషుడు పన్నెండుసార్ల కన్నా తక్కువ లేస్తే బలం తగ్గినట్టు. ఒక పాదం మడమకు రెండో పాదం వేళ్లు తగిలేలా పెట్టి పది సెకన్లు నిలబడలేకపోతే నిలకడ తగ్గినట్టు. మామూలు నడక వేగం సెకనుకు 0.8 మీటర్లకు మించకపోవడాన్ని ప్రపంచ మార్గదర్శకాలు ముప్పుకు గుర్తుగా తీసుకున్నాయి.

ఇక్కడొక మెలిక ఉంది. భయపడే మనిషి భయం వల్లనే నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి, నడక పరీక్షలో వచ్చిన ఎక్కువ సమయాన్ని పూర్తిగా కండరాల ఖాతాలో వేయలేము. ఎవరైనా ఆమె బరువు మోయకుండా, ఆమె చెయ్యిని ఊరికే తాకుతూ పక్కన నడిచినప్పుడు నడక ఒక్కసారిగా బాగుపడితే భయం వాటా పెద్దదని అనుమానించవచ్చు. అయితే వేలికొసల తాకిడి వల్ల శరీరానికి తన స్థితి బాగా తెలిసి నిలకడ నిజంగానే కొంత పెరుగుతుంది కాబట్టి ఇదొక్కటే చూసి నిర్ణయానికి రాకూడదు. తొడల బలం బాగుండి నడక మాత్రం మందగించిందా, రెండూ తగ్గాయా అన్నది కూడా చూడాలి.

భయం అని చెప్పుకునేదాని వెనక వేరే జబ్బు ఉండే అవకాశాన్ని ముందే తోసిపుచ్చుకోవాలి. పడుకుని లేచాక మూడు నిమిషాల లోపు పై రక్తపోటు 20 గానీ కింది రక్తపోటు 10 గానీ పడిపోతే, లేవగానే కళ్లు బైర్లు కమ్మడం భ్రమ కాదు. పక్కకు తిరిగి పడుకున్నప్పుడు గది గిర్రున తిరిగితే అది చెవి లోపలి సమస్య కావచ్చు, చాలాసార్లు తల కదలికలతో చేసే చికిత్సతోనే తగ్గుతుంది. మధుమేహం వల్లో, బి12 లోపం వల్లో అరికాళ్లలో స్పర్శ తగ్గినవాళ్లకు నేల ఎక్కడుందో చీకట్లో తెలియదు. నిద్రమాత్రలు, రెండు మూడు రకాల బీపీ మందులు, కంటి శుక్లం, పార్కిన్‌సన్స్ తొలి దశ, ఇవన్నీ "భయంగా ఉంది" అన్న మాటగానే బయటికి వస్తాయి. నడక తీరే మారిపోయినప్పుడు నిమ్‌హాన్స్ లాంటి చోట నరాల వైద్యుడికి చూపించడం అవసరం.

ఇలా రెండు కొలతలనూ పక్కపక్కన పెట్టి చూసినవాటిలో పేరుపొందిన అధ్యయనం డెల్‌బేర్ బృందం 2010లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించినది. సిడ్నీలో 70 నుంచి 90 ఏళ్ల మధ్య ఉన్న 500 మందిని, శరీరానికి నిజంగా ఉన్న ముప్పు, తమకు ఉందనుకునే ముప్పు అనే రెండింటి ప్రకారం నాలుగు గుంపులు చేశారు. రెండూ తక్కువగా ఉన్నవారు 29 శాతం, రెండూ ఎక్కువగా ఉన్నవారు 40 శాతం. వీళ్ల అంచనా వాస్తవానికి దగ్గరగానే ఉంది. మిగిలిన మూడోవంతు మంది విషయమే ఆసక్తికరం. 11 శాతం మందికి శరీరం బాగానే ఉన్నా భయం ఎక్కువ, వాళ్లలో కుంగుబాటు లక్షణాలు, ఆదుర్దా స్వభావం కనిపించాయి. 20 శాతం మందికి శరీరంలో ముప్పు ఎక్కువ, భయం మాత్రం తక్కువ. ఈ చివరి గుంపు మొండిధైర్యంతో ఎక్కువసార్లు పడి ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. కానీ జరిగింది వేరు: ఆ తక్కువ భయం వాళ్లను పడకుండా కాపాడే వైపే పనిచేసింది. జీవితం పట్ల సానుకూలత, మానకుండా చేస్తున్న శరీరశ్రమ, నలుగురితో కలిసి తిరగడం అందుకు కారణాలుగా తేలాయి. కాళ్లలో పట్టు తగ్గిన తండ్రిని భయపెట్టి కుర్చీలో కూర్చోబెట్టే పిల్లలు ఈ ఫలితాన్ని ఒకటికి రెండుసార్లు చదవాలి.

ఏ గుంపు మనిషికి ఏం చేయాలన్నది ఇక్కడి నుంచి తేలికగానే తెలుస్తుంది. శరీరం బాగుండి భయం ఎక్కువైనవారికి చేతికర్ర, వీల్‌చైర్ ఇవ్వడం భయాన్ని ధ్రువీకరించడమే అవుతుంది. వాళ్లకు ఆలోచనలను సరిదిద్దే మానసిక చికిత్స, మానేసిన పనులను చిన్న మెట్టు నుంచి మొదలుపెట్టి తోడు ఉండగా మళ్లీ చేయించడం అవసరం. భయం, ముప్పు రెండూ ఉన్నవారికి ముందు బలం, నిలకడ పెంచే వ్యాయామం, ఇంట్లో మార్పులు, మందుల సమీక్ష కావాలి. వ్యాయామం వల్ల భయం తగ్గుతుందా అన్నదానిపై 2014లో కోక్రేన్ అనే అంతర్జాతీయ వైద్య పరిశోధన సంస్థ సమీక్ష అధ్యయనాలను కలిపి చూస్తే, వ్యాయామ కార్యక్రమం ముగిసిన వెంటనే కొద్దిపాటి తగ్గుదల మాత్రమే కనిపించింది. కాబట్టి కండరాలు బలపడితే భయం దానంతటదే పోతుందని ఎదురుచూడటం సరికాదు.

కొన్ని నెలల తర్వాత మళ్లీ కొలిచేటప్పుడు అదే ప్రశ్నావళిని, అదే భాషలో, వీలైతే అదే వ్యక్తి అడగాలి, ఆ సమయంలో కుటుంబ సభ్యులు గదిలో ఉన్నారా లేదా అన్నదీ మొదటిసారిలాగే ఉండాలి. రెండో కొలతలో స్కోరు పెరిగితే చికిత్స విఫలమైందని తొందరపడి రాసేయకూడదు. ఇంట్లోంచి కదలనప్పుడు ఊహించి 1 అని చెప్పిన పెద్దావిడ, ఇప్పుడు వారానికి మూడుసార్లు పార్కుకు వెళ్తూ వాలు దారినీ రాతిపలకలనూ నిజంగా చూసి 2 అని చెబుతూ ఉండవచ్చు. మానేసిన పనుల కాగితంలో ఎన్ని మళ్లీ మొదలయ్యాయో చూడకుండా ఆ రెండు స్కోర్ల మధ్య తేడా మంచిదో చెడ్డదో చెప్పలేము.